చీమలకు పెట్టిన ఎగనామం

రాళ్ళకోనలో నీళ్ళకు కొదవ లేదు. కాకపోతే నీళ్ళు కింద ఉంటాయి, చేలు పైన ఉంటాయి. వాగేమో లోయలో పారుతుంది, జొన్న చేలేమో మిట్ట మీద ఎండుతుంటాయి. ఆ నీళ్ళు పైకి తేవాలంటే మోట తోలడం ఒక్కటే దారి. పెద్ద తోలుసంచి నీళ్ళలో ముంచి, దాని మోకు రెండు పశువుల కాడికి కట్టాలి. అవి పల్లానికి నడుస్తూ లాగితే సంచి పైకొస్తుంది. మళ్ళీ వెనక్కి నడవాలి, మళ్ళీ లాగాలి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే పని.

ఆ పని మైలెద్దుది. నోరు తక్కువ, మెడ గట్టి. దానికి జోడీగా ఉన్న పుల్లెద్దు కిందటేడు ఎండల్లో కాడి కిందే కూలబడి మళ్ళీ లేవలేదు. ఇంకో ఎద్దు దొరక్క రెండోవైపు గాడిద గంగిని కట్టారు. ఎద్దు ఎత్తెక్కడ, గాడిద ఎత్తెక్కడ? కాడి ఒక పక్కకు ఒరిగి గంగి మెడ మీద తోలు లేచిపోయింది. ఈగలు ముసురుతుంటే తోలుకుంటూ అలాగే లాగేది.

"మైలన్నా, ఇట్లాగే సాగితే ఇంకో రెండు ఎండాకాలాల్లో నేనూ పుల్లన్న దగ్గరికే," అంది గంగి ఒక రోజు, జొన్నలు బాగా పండాయన్నంత మామూలుగా.

"పోవు. చక్రం వస్తోందిగా," అంది ఎద్దు.

ఆ చక్రం సంగతి చెప్పాలి. వాగుకు అవతల వెదురుకోనలో ఏనుగులున్నాయి. వాగుకు అడ్డంగా బండరాళ్ళు పేర్చి, నీటి తోపుకు తిరిగే పెద్ద టేకు చక్రం నిలబెడతామని అవి ఒప్పుకున్నాయి. ఆ చక్రమే నీళ్ళు మిట్టకు ఎత్తుతుంది. గానుగ దాంతోనే తిరుగుతుంది, తిరగలి దాంతోనే తిరుగుతుంది. రాళ్ళు ఏనుగులవి, టేకు ఏనుగులది, చాకిరీ కూడా వాటిదే. బదులుగా, చక్రం తిరిగాక మిట్ట మీద పది మళ్ళలో చెరకు వేసి పదేళ్ళపాటు వాటికి ఇవ్వాలి. మొత్తం ఇరవై రాళ్ళు కావాలి. అప్పటికి ఏడు పడ్డాయి.

రాళ్ళకోనలో ఒప్పందానికి ఒక పద్ధతి ఉంది. పచ్చిమట్టితో పలక చేసి, మాట ఇచ్చేవాడు దాని మీద కాలి అచ్చు వేస్తాడు. తడి ఆరేలోపు షరతులు అందరి ముందూ చదివి వినిపించాలి. ఎవరికైనా అనుమానం ఉంటే అప్పుడే అడగాలి. ఆరాక ఆ పలకను కాల్చి, వాగు రేవులో, వచ్చేపోయేవాళ్ళకు కనపడేలా నిలబెడతారు. రేవులో అప్పటికి రెండు పలకలున్నాయి. రెండింటి మీదా ఉన్నది కోన పెద్ద, ఎలుగుబంటి బొగ్గయ్య దొర పంజాయే. ఒకటి ఏనుగులకు ఇచ్చిన మాట. ఇంకోటి చీమలకు ఇచ్చింది.

చీమలది అప్పు. అవీ అవతలి ఒడ్డువే. అంతకు రెండేళ్ళ ముందు కరువొచ్చి రాళ్ళకోనలో గింజ లేకుండా పోతే, చీమలు తమ పుట్టల్లోంచి గింజ గింజా మోసుకొచ్చి అవతలి ఒడ్డునే కుప్ప పోశాయి. ఆ జొన్నలే తిని ఈ కోన బతికింది. మిత్తితో కలిపి మూడు వందల గంపలు, ఏటా అరవై చొప్పున తీర్చాలి. ఒక ఏడు తీర్చారు. రెండో ఏడు పంట ఇంటికొచ్చింది, అరవై గంపలు పక్కన పెట్టారు కూడా.

సరిగ్గా అప్పుడు నక్క చెన్నప్పకు బుర్ర పనిచేసింది. అది దొరగారి సలహాదారు. పొలంలోకి ఏనాడూ దిగింది లేదు గానీ, పంట ఎవరెవరికి ఎంత పంచాలో చెప్పడంలో దాన్ని మించినవాళ్ళు లేరు.

"దొరా, ఈ అరవై గంపలూ ఎందుకిస్తున్నాం?" అంది నిండు సభలో.

"అప్పు కదరా," అన్నాడు బొగ్గయ్య దొర.

"ఇవ్వకపోతే చీమలేం చేస్తాయి?"

దొర ఆలోచించాడు. చీమలేం చేస్తాయో ఆయనకు తోచలేదు. "కుడతాయేమో."

"మీ బొచ్చులోనా?" నక్క నవ్వింది. "వాగు దాటి రావడమే వాటివల్ల కాదు. మన బిడ్డల నోటి దగ్గర కూడు తీసి ఆ పురుగులకు పోయడమేంటి దొరా? ఇవ్వం అని చెప్పేద్దాం. దేశం పరువు నిలబడుతుంది."

పరువు మాట వినగానే దొర ఛాతీ ఉబ్బింది. సభలో మేకలు తలూపాయి, కోళ్ళు రెక్కలు కొట్టాయి. మైలెద్దు ఒక్కటే నోరు తెరిచింది.

"కరువులో తిన్నాం. ఇస్తామని తిన్నాం," అంది.

"నువ్వు మోట చూసుకో మైలా," అంది నక్క. "రాజ్యం సంగతి మేం చూసుకుంటాం."

"ఏనుగులేమనుకుంటాయి మరి?" అని అడిగింది గంగి.

"ఏనుగులకీ చీమలకీ ఏం చుట్టరికమే? వాటికి మనం ఒక్క గింజ బాకీ లేం. వాటి పలక నిక్షేపంగా ఉంది. పొద్దున్నే తుడిచి బొట్టు కూడా పెట్టొచ్చాను."

ఆ సాయంత్రమే డప్పు కొట్టుకుంటూ అందరూ రేవుకు వెళ్ళారు. దొర చీమల పలకను ఎత్తి బండకేసి కొట్టాడు. ముక్కలు ఎగిరి అవతలి గట్టుదాకా నీళ్ళలో పడ్డాయి. అందరూ ఈలలు వేశారు. తర్వాత మూడు రోజులు చీమల జొన్నలతో సంకటి వండుకుని తిన్నారు. అరవైలో నలభై గంపలు అలా కడుపుల్లోకి పోయాయి. గంగి కూడా తిన్నది. ఆకలి వేసింది, తిన్నది, దాచేదేముంది.

నాలుగో రోజు పొద్దున ఏనుగుల పెద్ద సోమక్క ఎనిమిదో రాయి లాక్కుంటూ అవతలి ఒడ్డుకు వచ్చింది. ఏనుగులు నీళ్ళలోకి దిగేటప్పుడు గబుక్కున కాలు మోపవు. ముందు కాలు ఆనించి, బరువు కొంచెం వేసి, నేల ఆగుతుందో లేదో చూసి, అప్పుడు రెండో కాలు కదుపుతాయి. సోమక్క అలాగే కాలు ఆనించింది. కింద ఏదో గరుకుగా తగిలింది. తొండం ముంచి పైకి తీసింది. పెంకు ముక్క. దాని మీద సగం ఎలుగుబంటి పంజా.

ఇంకోటి తీసింది. మిగతా సగం.

ఆ రెండు ముక్కలూ ఒడ్డున పక్కపక్కన పేర్చి చాలాసేపు చూసింది. ఆనించిన కాలు వెనక్కి తీసుకుంది.

"దిగు సోమక్కా, దిగు," అని ఇవతలి నుంచి నక్క కేకేసింది. "నీ పలక చూశావా, బొట్టు పెట్టాం."

"చూశాను. పగిలింది ఎవరిది?"

"చీమలది. అది వేరే లావాదేవీ. నీకు దాంతో పని లేదు."

"దీని మీద ఉన్న పంజా ఎవరిది?"

"దొరగారిది."

"నా పలక మీద ఉన్నది?"

నక్క దొర వెనక్కి జరిగింది. దొర ముందుకొచ్చాడు. "సోమక్కా, నీకు నేను అన్యాయం చేస్తానా? నువ్వెంత, చీమలెంత?"

"అదే నాకూ భయం," అంది సోమక్క. గొంతులో కోపం లేదు. "చీమలు జొన్నలిచ్చాయి. మీరు తినేశాక వాటి దగ్గర మిగిలింది మీ మాట ఒక్కటే. నేనూ అంతే కదయ్యా. ఈ రాయి మీ వాగులో దింపాక మళ్ళీ ఎత్తుకుపోగలనా? చక్రం మీ ఒడ్డున నాటాక ఊడబీక్కుని పోగలనా? పదేళ్ళ చెరకు అనే మాటను నమ్ముకునే దింపుతున్నాను. మూడో ఏడు మీకు ఇంకో సలహా వస్తే? చీమ కాలు దిగబడిన చోట నా కాలు ఎలా పెట్టమంటావు?"

"మరి ఏడు రాళ్ళు వేశావుగా, అవి పోతాయి," అంది నక్క.

"పోనీ. ఏడుతో పోతుంది. ఇరవై పోగొట్టుకోను."

రాయిని అక్కడే ఒడ్డున వదిలి సోమక్క వెనక్కి తిరిగింది. మైలెద్దు చూస్తూ నిలబడింది. దానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన గంగి తల వంచుకుంది, ఎవరూ చెప్పకుండానే పోయి కాడి దగ్గర నిలబడింది.

ఎండలు ముదిరాయి. మోట ఆగలేదు. నక్క మాత్రం ధైర్యం పోనీలేదు. "ఏనుగులు కాకపోతే లోకంలో ఇంకెవరూ లేరా?" అని కొండ మీది అడవిదున్నల దగ్గరికి వెళ్ళింది. వాటికి కబురు ముందే అందింది. రేవు దాటే ప్రతి కొంగా మోసిన కబురే అది.

"చక్రం కడతాం," అన్నాయి దున్నలు. "అయిదేళ్ళ చెరకు ముందు పోయండి."

"నీళ్ళొస్తే కదా చెరకు పండేది? చక్రం లేకుండా చెరకెలా వస్తుంది?"

"అది మీ తంటా. మీ కాలి అచ్చు మాత్రం మాకొద్దు."

నక్క తిరిగొచ్చింది. ఆ వారంలోనే గంగి మోట దగ్గర మోకాళ్ళ మీద పడింది. మైలెద్దు కాడి బరువంతా తన మెడ మీదికి ఒరగదీసుకుని, అది లేచేదాకా అలాగే నిలబడింది.

"వదిలెయ్ అన్నా," అంది గంగి.

"వదలను. లే."

లేచింది.

మర్నాడు నక్క మళ్ళీ డప్పు కొట్టించింది. కింది మడుగులో ఉండే మొసలి మడుగయ్య చక్రం కట్టడానికి ఒప్పుకుందట. అందరూ పరుగున రేవుకు వచ్చారు. పచ్చి పలక అప్పటికే తయారుగా ఉంది. దాని మీద అచ్చు కూడా పడిపోయింది. కానీ అది దొరగారి పంజా కాదు, చిన్న కాలు.

"ఇదెవరిదిరా?" అన్నాడు దొర.

"నాదే దొరా," అంది నక్క వినయంగా. "మీ పంజా ముక్కలు వాగులో పడి ఉంటే మొసలి చూసిందట. ఆ కాలు వద్దు, ఇంకో కాలు కావాలంది. కోన కోసం నా కాలు పెట్టాను."

కోన కోసమే పెట్టింది, నిజమే. రోజుకు అయిదు చేపలు తన వాటాగా మాట్లాడుకున్న సంగతి మాత్రం పలక మీద రాయించలేదు.

మొసలి నీళ్ళలోంచి మూతి పైకెత్తి షరతులు వినిపించింది. "చక్రం నేను కడతాను. అప్పటినుంచి చక్రం దగ్గర నిలిచే మడుగు కూడా నాది. నీళ్ళు తాగాలన్నా నన్నడగాలి. ఇంకోటి. మీ మాట మీద నాకు నమ్మకం లేదు, అందుకని చక్రం కూలి మొత్తం ముట్టేదాకా మీలో ఒకరు జామీనుగా నా మడుగులో ఉండాలి. కూలి రాకపోతే జామీను నాదే."

మేకలు నాలుగడుగులు వెనక్కి వేశాయి.

"జామీను గురించి దిగులు పడకండి," అంది నక్క. "గంగి ఉంది. కాడికి ఎలాగూ పనికిరావట్లేదు. నీళ్ళలో చల్లగా కూర్చుంటుంది."

గంగి తల ఎత్తింది. "దానికంటే కాడే నయం," అంది.

"తడి ఇంకా ఆరలేదుగా," అంది మైలెద్దు. "నాదొక అనుమానం."

"నీకూ అనుమానాలా?" అంది నక్క.

మైలెద్దు దాని వంక చూడలేదు. నీళ్ళ అంచుదాకా నడిచి మొసలి ముందు నిలబడింది. "మడుగయ్యా, రేపు కూలి ఇవ్వకుండా ఈ నక్క ఎగనామం పెట్టిందనుకో. గంగిని తింటావు. తింటే నక్కకు ఎక్కడ నొప్పి?"

మొసలి కళ్ళార్పింది.

"చీమలు పోయాయి, దానికి నొప్పి లేదు," అంది ఎద్దు. "ఏనుగులు పోయాయి, దానికి నొప్పి లేదు. గంగి పోతే ఉంటుందా? నొప్పి లేనివాడు కూలి ఎందుకిస్తాడు? నేను అడిగేది ఒకటే. పలక మీద ఎవరి కాలుందో వాళ్ళు జామీనా, ఇంకెవరో జామీనా?"

మొసలి చాలా వ్యాపారాలు చేసింది. ఎద్దు చెప్పింది దానికి చప్పున తలకెక్కింది.

"నిజమే," అంది. "ఎవరి కాలుంటే వాళ్ళే. చెన్నప్పా, దిగు."

నక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అదేంటి మడుగయ్యా, మనం మాట్లాడుకున్నది..."

"మాట్లాడుకున్నది ఆరలేదు. దిగు."

"నేను మడుగులో కూర్చుంటే ఇక్కడ రాజ్యం ఎవరు నడుపుతారు?"

"నడిచినంత నడిచిందిలే," అంది గంగి.

నక్క ఒక్క గెంతులో పలక మీదికి దూకి, నాలుగు కాళ్ళతో గబగబా తొక్కి తన అచ్చు చెరిపేసింది. అందరూ చూస్తుండగానే. చీమల పలక తర్వాత ఇదీ అలా పోయింది. మొసలి నోరు చాపింది. నక్కకు ప్రాణం దక్కింది గానీ తోక సగం దక్కలేదు. అరుచుకుంటూ కొండ ఎక్కి అటే పోయింది.

అప్పుడు మైలెద్దు అందరివైపూ తిరిగింది. జన్మలో అంత మాట్లాడలేదది.

"మొసలి తప్ప మన గడప తొక్కేవాళ్ళు లేరు ఇవాళ. అదైనా మనల్ని నమ్మి రాలేదు, మనలో ఒకర్ని కరుచుకోవచ్చని వచ్చింది. చీమల జొన్నలు ఇరవై గంపలు ఇంకా మిగిలి ఉన్నాయి. నేను తీసుకెళ్ళి ఇచ్చేస్తాను. అడ్డమొచ్చేవాళ్ళు ఇప్పుడే రండి."

ఎవరూ రాలేదు. బొగ్గయ్య దొర తనే ఒక గంప ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

అవతలి ఒడ్డున చీమల పెద్ద ఎర్రమ్మ వాళ్ళను కూర్చోమనలేదు. "మీరెగ్గొట్టింది మా వానాకాలం తిండి," అంది. "మూడు పుట్టలు ఖాళీ అయ్యాయి. చెప్పండి."

"ఇరవై తెచ్చాం," అంది మైలెద్దు. "అరవై ఇవ్వలేం. అబద్ధం చెప్పను. ఏటా ఇరవై ఇస్తాం, బాకీ తీరేదాకా. పన్నెండేళ్ళు పడుతుంది."

"ఒక ఏడు ఎండిపోతే?"

"ఎండినా ఇస్తాం. మేం తినేది తగ్గించుకుంటాం."

ఎర్రమ్మ మీసాలు కదిపింది. "కొత్త పలక చెయ్యండి. ఈసారి దొర పంజా ఒక్కటే కాదు. కోనలో ఉన్న ప్రతి కాలూ పడాలి."

పడింది. కోళ్ళవి కూడా.

అక్కడినుంచి మైలెద్దు గంగిని వెంటబెట్టుకుని నేరుగా వెదురుకోనకు పోయింది. సోమక్క అంతా విన్నది. "మంచిపని చేశారు," అంది. "కానీ ఒక్క ఏడుకే నా మనసు కుదుటపడదు. చీమలకు గంపలు ముట్టిన ప్రతి ఏడూ నాలుగు రాళ్ళు వేస్తాను. ముట్టని ఏడు వెయ్యను. ఇంకా, పది మళ్ళు కాదు, పద్నాలుగు."

"పద్నాలుగా?" అంది పక్కనున్న గంగి.

"ఆ నాలుగూ నేను పడ్డ భయానికి."

"ఇస్తాం," అంది మైలెద్దు. బేరమాడే మొహం తమకు లేదని దానికి తెలుసు.

కొత్త పలక వేసిన రెండో ఏడు వానలు సరిగా పడలేదు. రాళ్ళకోన ఒంటిపూట తిన్నది. పిల్లలున్న తల్లులు దొర గుహ ముందుకొచ్చి ఏడ్చారు. దొర తన వాటా తెచ్చి వాళ్ళ ముందు పోశాడు గానీ చీమల గంపల్లో చెయ్యి పెట్టనివ్వలేదు. ఇరవై గంపలూ వాగు దాటాయి. ఆ వారం నాలుగు రాళ్ళు పడ్డాయి. గంగి మెడకు మైలెద్దు పాత గోనె చుట్టించేది, ఎగుడుదిగుడు కాడికి తన వైపు మోకు పొట్టి చేయించుకుని ఎక్కువ బరువు తనే లాగేది. దాని భుజం కాయ కాచి నల్లబడింది. అయినా ఒక్కపూట మానలేదు. గంగీ మానలేదు.

నాలుగో ఏడు ఆఖరి రాయి పడింది. టేకు చక్రం నిలబడింది. మొదటిసారి తిరిగినప్పుడు కిర్రుమని అరిచింది, తర్వాత సర్దుకుంది. నీళ్ళు మిట్ట ఎక్కి చేలల్లోకి పారాయి. గంగి ఆ నీళ్ళల్లో నిలబడి బిగ్గరగా ఏడ్చింది. బతికున్నానన్న సంతోషం అది, ఎవరూ ఓదార్చలేదు.

ఆ ఎండాకాలమే ఒక రోజు కాలవ గట్టు మీద సగం తోక నక్క ఒకటి కనపడింది. బక్కచిక్కి ఉంది. ఏ కోనలోనూ దానికి చోటు దొరకలేదట.

"గంగీ, బాగున్నావా?" అంది. "దాహమేస్తోంది."

"తాగు. నీళ్ళకు ఎవరినీ అడగక్కర్లేదు ఇక్కడ," అంది గంగి.

నక్క కడుపు నిండా తాగింది. మూతి తుడుచుకుని గొంతు తగ్గించింది. "రెండు గంపల జొన్నలు ఇప్పించు. వచ్చే పంటకు మూడు గంపలిస్తాను. పచ్చి పలక తెప్పించు, నా కాలు ఇప్పుడే వేస్తాను."

గంగి దాన్ని తలనుంచి తోకదాకా చూసింది. కోపం వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు.

"నీ కాలు వద్దు చెన్నప్పా. కలుపు తీసే పని ఉంది. సాయంత్రానికి ఒక శేరు జొన్నలు చేతికిస్తాను. రేపటి సంగతి రేపు."

నక్క అటూ ఇటూ చూసింది. అడగడానికి ఇంకెవరూ లేరు. చేలోకి దిగింది.

చిన్నవాడికి మాట తప్పితే, చూస్తున్న పెద్దవాళ్ళందరికీ తప్పినట్టే.